కుండ దగ్గర వంగిన వీపు

మనిషి వీపు మీద తన చెయ్యి తనకే అందని చోటు ఒకటుంది. భుజం మీదుగా పైనుంచి చెయ్యి వేస్తే నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతుంది. నడుము పక్కనుంచి వెనక్కి పెట్టి పైకి జరిపితే అటునుంచి ఇంకో నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతుంది. నాకు దురద సరిగ్గా ఆ మధ్యలో వచ్చింది. కుడి రెక్క ఎముకకీ వెన్నుకీ నడుమ, అరచెయ్యంత చోటు. వచ్చేదేదో మోకాలి మీద రావచ్చు, మోచేతి మీద రావచ్చు. నా మానాన నేను గోక్కుని బతికేదాన్ని. అలా రాలేదు. ఎవరో ఒకరిని పిలిచి, వీపు తిప్పి, "కొంచెం పైకి, కాదు కాదు, ఎడమకి" అని బతిమాలుకోవలసిన చోటే చూసుకుని వచ్చింది.

దురద అంటే జనానికి నవ్వులాట. నొప్పంటే అయ్యో అంటారు, జ్వరమంటే నుదురు ముట్టుకుని చూస్తారు. దురద అనగానే మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తారు. నాది ఉత్త దురద కూడా కాదు. చర్మం కింద ఎక్కడో చీమ పాకినట్టు మొదలయ్యేది. కాసేపటికి మంటగా మారేది. గోకినకొద్దీ లోపల సూదులు గుచ్చినట్టయ్యేది, మెడదాకా పోటు పాకేది. చివరికి ఆ చోటంతా మొద్దుబారిపోయేది. మొద్దుబారిపోయాక హాయిగా ఉంటుందనుకుంటారేమో, అదీ లేదు. గోళ్లు తగిలినట్టు తెలియదు, దురద మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఇంత అన్యాయం ఒంట్లో ఇంకెక్కడా నేను చూడలేదు.

మాది రాజోలు దగ్గర పల్లె. తొంభైల మొదట్లో పెళ్లై ఆత్రేయపురం వచ్చాను. అప్పటిదాకా పూతరేకు తినడమే తెలుసు, తియ్యడం తెలియదు. మా అత్తగారింట్లో వంటింటి వెనక వసారాలో రెండు కుండలు బోర్లించి ఉండేవి. ఒకదాని ముందు అత్తగారు కూర్చునేది. కాపరానికి వచ్చిన వారం తిరక్కుండానే రెండో దాని ముందు నన్ను కూర్చోబెట్టింది.

"చేతికి భయం ఉండకూడదమ్మా. కుండకి నీ భయం తెలిసిపోతది," అంది.

బోర్లించిన కుండ కింద మంట. ఎడమ చేత్తో ఎండు కొబ్బరాకు ఎగదోస్తూ ఉండాలి. కుడి చేత్తో పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, కుండ వీపు మీద ఒక్క ఊపున పరిచి లాగెయ్యాలి. లాగిన మరుక్షణం రేకు ఎండి లేస్తుంది. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. సెగ మొహానికి కొట్టకుండా మెడ ఒక పక్కకి వాల్చి, వీపు వంచి, కుడి చెయ్యి చాపి, పొద్దున్న కూర్చుంటే మళ్లీ అన్నానికే లేవడం. మొదటి నెల చేతులు బొబ్బలెక్కాయి. రెండో నెలలో చెయ్యి తిరిగింది. ఏడాది గడిచేసరికి నేను తీసిన రేకు వెనక వేలు పెడితే వేలి గీతలు కనపడేవి.

గొప్పలు చెప్పుకుంటున్నాను అనుకుంటే అనుకోండి. నాకు చదువు లేదు. అందగత్తెనూ కాదు. పుట్టింటివాళ్లు పేరు చెప్పుకునేంత వాళ్లూ కారు. "ఆ రాజోలు కోడలు తీసిన రేకులు కావాలండీ" అని ఊరు కాని ఊరినుంచి మనుషులు వచ్చి అడిగితే, ఈ భూమ్మీద నేనూ ఒకదాన్ని ఉన్నానని నాకు తెలిసేది. మా వీధిలో ఒక అలవాటుండేది. పెళ్లికి రేకులు చెప్పేవాళ్లు ముందుగా పళ్లెంలో తాంబూలం పెట్టుకుని వచ్చి, రేకు తీసే మనిషికి బొట్టు పెట్టి వెళ్లేవారు. అత్తగారుండగా ఆవిణ్ణి దాటి నాకు బొట్టు పెట్టిన రోజున నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంబరం. అత్తగారు ఆ రోజు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా ఆవిడకి బాగా చేతనవును.

పిల్ల పుట్టి, దానికి రెండో ఏడు నడుస్తుండగా దురద మొదలైంది. అందరూ వేడన్నారు. మంట దగ్గర కూర్చునేదానికి వేడి చెయ్యక ఏం చేస్తుంది? సబ్జా గింజలు నానేసి తాగించారు. తలకి ఆముదం పెట్టారు. మజ్జిగ తాగీ తాగీ జలుబు చేసింది గానీ దురద తగ్గలేదు. ఊళ్లో ఇంజెక్షన్లు చేసే డాక్టరు చూసి, తామరై ఉంటుందని గంధకం మందు ఇచ్చాడు. ఆ మందు వాసన గుమ్మం అవతలికి కొట్టేది. అదే నా కొంప ముంచింది. ఒంట్లో జబ్బు ఉందో లేదో ఎవరికీ తెలియదు గానీ మందు ఉందని అందరికీ తెలిసిపోయింది.

గోకడానికి మా ఆయన ఉండేవాడు. పాపం, మొదట్లో బాగానే గోకేవాడు. రేకులు సైకిలు మీద కట్టుకుని రావులపాలెం కొట్లకి వేసి వచ్చేవాడు, అలసిపోయి వచ్చినా కాదనేవాడు కాదు. మొదటి ఏడు వేళ్లతో గోకాడు. తరవాత దువ్వెనతో. ఆ తరవాత విసనకర్ర కాడతో. మా ఇద్దరి మధ్య దూరం ఎంత పెరిగిందో ఎవరైనా కొలవాలంటే ఆ విసనకర్ర కాడతో కొలుచుకోవచ్చు. ఆయన్ని తిట్టుకోను. అడిగే నాకే విసుగొచ్చింది, గోకేవాడికి రాదా?

అసలు దెబ్బ ఒక పెళ్లి తాంబూలం నాడు పడింది. కొత్తపేట వైపునుంచి ఒక పెద్దింటి ఆవిడ వచ్చింది. పళ్లెంలో చీర, పళ్లు, తాంబూలం. నేను కుండ దగ్గర్నుంచి లేచి, ఇంట్లో ఎవరూ లేరనుకుని, గుమ్మం మూలకి వీపు ఆనించి గేదెలాగా రుద్దుకుంటున్నాను. కళ్లు మూసుకుని ఉన్నాను. అంత దురదలో కళ్లు తెరిచి ఉండడం ఎవరివల్లా కాదు. కళ్లు తెరిచేసరికి ఆవిడ నా ఎదురుగా నిలబడి ఉంది. వెనకాల మా అత్తగారు.

"అమ్మాయికి ఒంట్లో ఏంటండీ?" అని అత్తగారిని అడిగింది. నన్ను కాదు.

"ఆయ్, ఏం లేదండీ. వేడి."

"వేడైతే మందు వాసన ఎందుకొస్తదండీ? తప్పుగా అనుకోకండి. మా ఇంట్లో శుభకార్యం. పదిమందీ తినే వస్తువు."

అత్తగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయ్యో, మీరంతగా చెప్పాలా అండీ! ఆ అమ్మాయి ఇంక రేకు తియ్యదు. మా చిన్నకోడలు తీస్తది. అది కూడా నా చేతి కిందే నేర్చుకుందండీ," అంది. మా తోడికోడలు కాపరానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పెరట్లోంచి పిలిచి, తడి చేతులు తుడుచుకోమని చెప్పి, ఆ పిల్లని పీట మీద కూర్చోబెట్టారు. నా కళ్లముందే బొట్టు పెట్టారు. గుమ్మానికి ఆనుకుని నేనలాగే నిలబడ్డాను. ఇంత జరుగుతున్నా వీపు మాత్రం దురద పెడుతూనే ఉంది. దానికి సిగ్గూ లజ్జా లేదు.

ఆ రోజునుంచి నా సబ్బు వేరు, తువ్వాలు వేరు, కంచం వేరు. పిండి ముట్టుకోనివ్వలేదు. నెయ్యి ముట్టుకోనివ్వలేదు. పెరట్లో కొబ్బరాకు ఎండబెట్టి, కట్టలు కట్టి, వసారా అరుగు మీద పడెయ్యడం నా పని. అరుగు దాటి లోపలికి రానక్కర్లేదని అత్తగారు మెత్తగానే చెప్పింది. ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు. "కూతుర్ని కూడా కొంచెం దూరంగా పడుకోబెట్టుకోమ్మా, ఆడపిల్ల," అంది ఒకసారి. మూడేళ్ల పిల్ల నా వీపు మీద ఎక్కబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "అమ్మా, అంటుకుంటదా?" అని అడిగింది. నేను ఆకు కట్టలు కట్టుకుంటూ కూర్చున్నాను.

నాకే తెలియదు కదా, ఏం చెప్పను? ఆ రోజుల్లో మండలాఫీసు గోడ మీద నల్లరంగుతో రాసి ఉండేది, స్పర్శ తెలియని మచ్చలు ఉంటే కుష్టు కావచ్చు, ఆసుపత్రికి రండి అని. కూడబలుక్కుని చదివి, ఇంటికి వచ్చి, రెండద్దాలు పెట్టుకుని వీపు చూసుకున్నాను. గోకి గోకి ఆ చోట చర్మం నల్లగా, బరకగా తయారైంది. రవిక కుట్టుకునే సూది విసనకర్ర కాడకి దారంతో కట్టి, ఆ మచ్చ మీద గుచ్చుకున్నాను. గుచ్చినట్టు సరిగ్గా తెలియలేదు. పక్కన గుచ్చితే తెలిసింది. ఇంక అంతే, నాకు కుష్టే అని ఖాయం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నెక్కు పైకంటా ఉండే జాకెట్లు కుట్టించుకున్నాను. వేళ్లు వంకర పోతున్నాయేమోనని పొద్దున్నే లేచి చేతులు చూసుకునేదాన్ని. అలా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో నేను ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడితే అది నటనే.

తోడికోడలు మంచిదే. "అక్కా, మంట చాలట్లేదు, కాస్త ఎండిన ఆకు చూసి ఇవ్వవా" అని ప్రేమగానే అడిగేది. దాని రేకులు మందంగా వచ్చేవి. కుండ మీదనుంచి గుడ్డ లాగేటప్పుడు చివర్న ఒక్క పిసరు ఆగేది, అక్కడ పిండి పేరుకునేది. అరుగు అవతల నిలబడి అది చూస్తుంటే నా కుడి చెయ్యి దానంతటదే కదిలేది. ఒక్క మాట చెబితే దిద్దుకునేది. నేను చెప్పలేదు. మందంగానే తియ్యనీ అనుకున్నాను. నేనేమీ దేవతని కాదు.

రెండువేల సంవత్సరం దాటాక, కూతురికి తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, నొప్పి మెడనుంచి చేతిలోకి దిగడం మొదలైంది. కొబ్బరాకు కట్ట ఎత్తబోతే చెయ్యి పట్టు తప్పి జారిపోయింది. అప్పుడు గానీ మా ఆయన కదల్లేదు. అమలాపురంలో ఆదివారాలు కాకినాడనుంచి ఒక నరాల డాక్టరు వస్తాడని ఎవరో చెప్పారట. రావులపాలెంలో బస్సు మారి వెళ్లాం. ఆ డాక్టరు నోట కుష్టు అనే మాట వస్తే ఇంటికి రాకూడదనీ, అమలాపురంలోనే బస్సు దిగినచోట ఉండిపోవాలనీ అనుకున్నాను.

డాక్టరు మచ్చ చూశాడు. దూదితో రాశాడు, సూదితో ముట్టాడు, మెడ అటూ ఇటూ తిప్పించాడు, వెన్ను మీద వేలితో తట్టుకుంటూ వచ్చాడు. తట్టిన ఒక చోట నేను గట్టిగా అరిచాను.

"ఏం పని చేస్తారమ్మా?"

నోటితో చెప్పడం రాక, కుర్చీలో కూర్చునే చూపించాను. మెడ వాల్చి, వీపు వంచి, కుడి చెయ్యి చాపి. ఆయన నవ్వలేదు. "ఇది చర్మం జబ్బు కాదమ్మా. వెన్నులోంచి చర్మానికి వచ్చే నరం నలిగింది. నరం పంపే తప్పుడు కబురది, అక్కడ దురదా లేదు, పాడూ లేదు. ఎవరికీ అంటదు," అన్నాడు.

"కుష్టు కాదా అండీ?"

"ఎవరు చెప్పేరమ్మా నీకు? ఛ, ఛ."

ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. మా ఆయన నా వైపు చూసి, కిటికీ వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. అన్నేళ్లూ నేను ఏమనుకుంటూ బతికానో ఆయనకి ఆ నిమిషంలోనే తెలిసింది.

"మెడ వంచి చేసే ఆ పని మానెయ్యాలి," అన్నాడు డాక్టరు మందులు రాస్తూ.

"అది మానిపించి ఆరేళ్లు దాటిందండీ," అన్నాను.

ఆయన కలం ఆపాడు. ఒకసారి నలిగిన నరం కొందరిలో అలాగే ఉండిపోతుందని, మందులు తగ్గిస్తాయే గానీ పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనని చెప్పాడు. నిజం చెప్పినందుకు ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను. దురద పోకపోతే పోకపోయింది. ఎవరికీ అంటదన్న మాట చాలు నాకు. తిరుగు బస్సులో మందుల చీటీ జాకెట్లో దాచుకున్నాను. రేపు పొద్దున్నే కుండ దగ్గర ఒక్క గంటైనా కూర్చుంటాను, డాక్టరు వద్దన్నా సరే అనుకున్నాను. ఎంత ఆశో!

ఇంటికి రాగానే చీటీ తీసుకెళ్లి అత్తగారికిచ్చాను. డాక్టరు చెప్పిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆవిడ విన్నది. చీటీ తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చింది.

"ఆయ్, మంచి మాటేనమ్మా. కానీ ఇప్పుడు ఇంటింటికీ తిరిగి ఈ చీటీ చూపించి రమ్మంటావా నన్ను?" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సైకిలు తుడుస్తున్నాడు. తోడికోడలు కుండ దగ్గర గుడ్డ ఉతుకుతోంది, తల ఎత్తలేదు. నా సబ్బు మాత్రం ఆ రోజునుంచి అందరి సబ్బుతో కలిసింది. నా కంచం అందరి కంచాల్లో కలిసింది. కుండ ముందు పీట మాత్రం నాకు తిరిగి రాలేదు. ఆ రాత్రి నాకు దుఃఖం కూడా రాలేదు, ఒళ్లంతా కోపం. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

మరో అయిదారేళ్లకి అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది గానీ తెలివి ఎక్కడికీ పోలేదు. ఆవిడకి స్నానం ఎవరు చేయించాలి? తోడికోడలికి పెళ్లి ఆర్డర్లు. చేతులు ఖాళీగా ఉన్నదాన్ని నేనే. రేకుకి పనికిరాని చేతులు దీనికి పనికొచ్చాయి.

అన్నేళ్ల కాపరంలో నేను మా అత్తగారి వీపు చూడలేదు. పైట ఎప్పుడూ రెండు భుజాల చుట్టూ కప్పుకునే ఉండేది. పండగ పూట కూడా నలుగు పెట్టించుకునేది కాదు, నాకు పడదనేది. అదంతా పెద్దరికం అనుకునేవాళ్లం. మొదటి రోజు పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, జాకెట్టు విప్పి, వీపు మీద నీళ్లు పొయ్యబోయి చెంబు అలాగే పట్టుకుని ఉండిపోయాను. కుడి రెక్క ఎముకకీ వెన్నుకీ నడుమ, అరచెయ్యంత నల్లమచ్చ. నాదానికంటే నల్లగా, బరకగా, ముదురుగా ఉంది.

"ఎన్నాళ్లనుంచి అత్తయ్యగారూ?"

"నీ మొగుడు కడుపులో ఉన్నప్పట్నుంచి," అంది.

"మరి నాకు ఎందుకు చెప్పలేదండీ? కుష్టనుకుని బతికేను నేను. పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకోలేదు."

"చెబితే ఇద్దరం లేవాలి కదే, కుండ దగ్గర్నుంచి," అంది. ముద్ద మాటే, కానీ ఒక్క అక్షరం కూడా పోకుండా నాకు అర్థమైంది. తప్పు చేసినట్టు చెప్పలేదు. వంటలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. ఆ తరవాత ఎడమ చెయ్యి వెనక్కి పెట్టబోయి, అందక, కిందికి వదిలేసి, "కొంచెం గోకవే," అంది.

గోకాను. ఎక్కడ అని అడగవలసిన పని లేదు, పైకా కిందికా అని అడగవలసిన పని లేదు. నాలుగు గోళ్లూ ఆనించి, ఏ వరస దగ్గర ప్రాణం లేచి వస్తుందో అక్కడే గోకాను. ఆవిడ భుజాలు దిగిపోయాయి. మెడ ముందుకి వాలింది. నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. ఇంకో నాలుగు సార్లు గోకితే ఆ దురద ఆ పూటకి వదులుతుంది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు. సరిగ్గా అక్కడ చెయ్యి తీసేశాను.

"ఇంకొంచెం," అంది.

"నీళ్లు చల్లారిపోతున్నాయండీ," అన్నాను.

ఆవిడ తల తిప్పి నా మొహం చూసింది. అర్థమైంది ఆవిడకి. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తరవాత రెండేళ్లు బతికింది. రెండేళ్లూ రోజూ స్నానం నేనే చేయించాను. ఒంటికి పుండు పడనివ్వలేదు, బట్ట మాయనివ్వలేదు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లంతా కోడలంటే ఇలా ఉండాలన్నారు. కొత్తపేట ఆవిడ కూడా వచ్చింది, నా చేతులు పట్టుకుని మరీ అంది. నేను తల ఊపాను. సబ్బు రాసేటప్పుడు మెడ రుద్దేదాన్ని, భుజాలు రుద్దేదాన్ని, నడుము రుద్దేదాన్ని. ఆ మచ్చ మీద మాత్రం రెండేళ్లలో ఒక్కరోజు కూడా చెయ్యి వెయ్యలేదు.